నాలుగో జ్వరం లేచేదాకా

కోపం తెచ్చుకోకూడదని చెప్పే పుస్తకం ఒకటి చదివి, అందులోని మాటలు ఎవరూ వినడం లేదని ఇంటిల్లిపాది మీదా కోపం తెచ్చుకున్న మనిషిని నేను. నవ్వుకోండి, పరవాలేదు. మా వీధిలో వాళ్లంతా నవ్వారు. మా ఆయనైతే ఆ సంగతిని బంధువుల పెళ్లిలో భోజనాల బంతిలో కూర్చొని నటించి మరీ చూపించాడు. నేను ఎడం చేత్తో పుస్తకం పట్టుకొని, కుడి చేత్తో గరిటె ఊపుతూ, "కోపమంటే మన మతిని మనమే పోగొట్టుకోవడం! వినపడతా ఉండాదా మీకు?" అని అరిచానట. అరిచిన మాట నిజమే. గరిటె సంగతి నాకు గుర్తు లేదు.

ముక్కు మీద కోపం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మా పుట్టిల్లు కుప్పం వైపు. అక్కడ తెలుగు బళ్లో చదువుకొని, తమిళ సీమలో ధర్మపురి దగ్గర ఈ ఊరికి కోడలుగా వచ్చాను. అదియమాన్‌కోట్టై దాటి లోపలికి తిరిగే రోడ్డులో ఉంటుంది మా ఊరు. మా ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, కానీ తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. తక్కిన వాళ్లందరికీ బడిలో నేర్పింది తమిళమే. అందువల్ల నాకో వీలు ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి కూడా ఇలా తెలుగులో ధైర్యంగా రాసి, బీరువా మీద పెట్టి వెళ్లిపోవచ్చు.

ఆ పుస్తకం తమిళంలో ఉంది. ధర్మపురిలో పుస్తకాల సంత పెట్టినప్పుడు కొన్నాను. అసలు నేను వెళ్లింది వంటల పుస్తకం కోసం. పక్క బల్ల మీద సన్నటి పుస్తకం ఒకటి కనిపించింది. ఎప్పుడో రెండు వేల ఏళ్ల కింద గ్రీకు దేశంలో, రోమ్‌లో బతికిన స్తోయిక్కులనే పెద్దమనుషులు ఎలా బతకమన్నారో అందులో ఉంది. వాళ్లలో ఒకాయన ఓడ మునిగి సరుకంతా పోగొట్టుకున్న వ్యాపారి అట. ఒకాయన బానిస. ఇంకొకాయన ఏకంగా రాజ్యం ఏలినవాడు. బానిసా రాజూ కూర్చొని ఒకే పాఠం చెప్పారంటే అదేమిటో చూడాలి కదా అని నాకు ఆత్రం పుట్టింది. వంటల పుస్తకం అక్కడే వదిలేసి ఇది పట్టుకొచ్చాను.

తమిళం నేను నెమ్మదిగా చదువుతాను. బస్సు బోర్డులు చూసి, రేషను కార్డు చూసి, కూడబలుక్కుంటూ నేర్చుకున్న చదువు అది. ఒక్కో వాక్యానికి నేను తీసుకునే సమయంలో మా తోడికోడలు ఒక పేజీ చదివేస్తుంది. అదే మంచిదైంది. దాటవేయడానికి వీలు లేకుండా ప్రతి మాటా గొంతు దిగాల్సి వచ్చింది. కొన్ని సంగతులు మన చేతిలో ఉన్నాయి, కొన్ని లేవు అన్న మాట చదవడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. వాన మన చేతిలో లేదు. ఊళ్లోవాళ్ల నోరు మన చేతిలో లేదు. మన గురించి నలుగురూ ఏమనుకుంటారో అదీ మన చేతిలో లేదు. మనం ఏం అనుకుంటాం, ఏం చేస్తాం, ఎలాంటి మనిషిగా ఉంటాం అన్నదే మనది. చదివి, ఎగిరి గంతేశాను. నిజంగానే! వంటింట్లోంచి వాకిట్లోకి పరిగెత్తి, రాగులు చెరుగుతున్న మా అత్తకు చెప్పాను.

మా అత్త చేట ఆపలేదు. "దీనికి పుస్తకం ఎందుకే? వాన మన చేతిలో లేదని నాకు తెలీదా?" అంది.

ఆ మాటకు నేను చప్పబడిపోయాను కానీ నా ఉత్సాహం తగ్గలేదు. ఆ పెద్దమనుషులు అప్పుడప్పుడూ కావాలని కష్టం అనుభవించమన్నారు. నేల మీద పడుకోవాలి, మోటు తిండి తినాలి, చన్నీళ్లు పోసుకోవాలి. అప్పుడు కష్టమంటే భయం పోతుందట. మరుసటి రోజే మొదలుపెట్టాను. చాప తీసేసి నేల మీద పడుకున్నాను. అన్నం మానేసి సంగటి ముద్ద, మజ్జిగ. మూడో రోజు మా అత్త నన్ను పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకొంది.

"ఏమే, ఒళ్లు బాగలేదా?"

"బాగానే ఉండాను అత్తా. ఇది సాధన. ఆ రోమ్ దేశపు పెద్దోళ్లు చెప్పినారు."

"ఏం చెప్పినారు?"

"నేల మీద పండుకోమన్నారు. సంగటి తినమన్నారు."

మా అత్త నవ్విన నవ్వు నేను చచ్చేదాకా మరిచిపోను. పొట్ట పట్టుకొని, కళ్లనీళ్లు తుడుచుకొని, మళ్లీ నవ్వింది. "పుట్టినప్పటి నుంచి నేల మీదే పండుకొంటిమి. సంగటి తప్ప ఏం తింటిమి? మమ్మల్ని ఏ దేశపోడూ మెచ్చుకోలేదే!" అంది. ఆ సాయంత్రానికి మా మరిది నా దగ్గర ఆమెను 'మీ రోమ్ అత్త' అనడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం ఆ మాట తలకెక్కింది. నేను కూడబలుక్కుని చదువుతున్న బతుకును ఆమె బతికేసి ఉంది. అప్పటి నుంచి పుస్తకంలో ఏదైనా కొత్త సంగతి కనిపిస్తే ముందు ఆమె ఏం చేస్తుందో చూసేదాన్ని.

ఇక పురుగుల సంగతికి వస్తాను. అసలు కథ అక్కడే ఉంది.

మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. రెండెకరాల్లో మల్బరీ వేశాం. ఇంటి వెనక పొడవాటి షెడ్డు, అందులో అంతస్తులు అంతస్తులుగా పురుగుల పడకలు. మా ఆయన, మరిది తోట చూసుకొని కొమ్మలు కోసుకొస్తారు. షెడ్డు లోపలి పెత్తనం ఆడవాళ్లది. అంటే మొదట మా అత్తది, ఆమె చేత్తో నాకు నేర్పి అప్పగించిన తర్వాత నాది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో నాది అనుకోవడానికి ఏమీ ఉండేది కాదు. పురుగుల పని వచ్చాకే నాకొక చోటు దొరికింది. షెడ్డులో నేను చెప్పిందే మాట. మా ఆయన కూడా కాళ్లు కడుక్కొని, నన్ను అడిగి లోపలికి రావాలి. ఆ గర్వం ఎంత బాగుంటుందో చెప్పలేను.

పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు తిండి మానేసి, కదలకుండా, తల పైకెత్తుకొని ఉండిపోతుంది. పాత తోలు వదిలి కొత్త తోలుతో లేస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా నాలుగు. జ్వరంలో ఉన్నప్పుడు ఆకు వేయకూడదు. పడక మీద సున్నపు పొడి చల్లి, పొడిగా ఉంచి, తాకకుండా వదిలేయాలి. అసలు చిక్కంతా లేచేటప్పుడు వస్తుంది. అన్నీ ఒక్కసారి లేవవు. పొద్దున కొన్ని లేస్తాయి, మధ్యాహ్నం కొన్ని, సాయంత్రానికి తక్కినవి. ముందు లేచినవి ఆకలితో తల అటూ ఇటూ తిప్పుతూ ఆకు కోసం వెతుకుతాయి. అయినా వేయకూడదు. దాదాపు అన్నీ లేచేదాకా చేతులు కట్టుకొని నిలబడాలి. ముందు లేచినవాటికి ఆకు పెడితే అవి పెరిగిపోతాయి, ఇంకా లేవనివి ఆకు కింద పడి నలిగిపోతాయి. చివరికి పంటంతా ఎగుడుదిగుడుగా తయారవుతుంది. కొన్ని గూళ్లు కడుతుంటే కొన్ని ఇంకా మేస్తూ ఉంటాయి.

ఈ తప్పు నేను ఒకసారి కాదు, రెండుసార్లు చేశాను. రెండుసార్లూ నాలుగో జ్వరంలోనే. ఆకు మోపు పక్కనే ఉంది, పురుగులు తలలు ఊపుతున్నాయి, నా చేయి నిలవలేదు. నా కోపమూ ఈ తొందరా ఒకే కడుపున పుట్టినవని నాకు అప్పుడు తెలీదు. రెండోసారి పంట సగానికి సగం దెబ్బతిన్నాక మా ఆయన అందరి ముందూ తేల్చి చెప్పాడు. ఇంకొక్కసారి ముందుగా ఆకు పడితే షెడ్డు మా తోడికోడలికి అప్పగించాల్సిందే. మా తోడికోడలు మంచి పిల్ల, నిదానస్తురాలు. ఆమె తల వంచుకొని నిలబడింది కానీ వద్దని అనలేదు. ఎందుకంటుంది? పని బాగా చేయగలదు మరి.

అప్పుడు మాట్లాడింది మా అత్త ఒక్కతే. "ఈ ఒక్క పంటకు దాన్నే ఉండనీండి. చేయి నిలుస్తాది. నేను నేర్పింది ఎక్కడికీ పోదు" అంది.

అందుకని ఈ పంట నాకు పరీక్ష అయింది. పుస్తకం చదివిన తర్వాత వచ్చిన మొదటి పంట ఇదే! ఎంత ఉత్సాహంగా ఉన్నానంటే, చాకీ పురుగులు, అంటే రెండు జ్వరాలు దాటిన పిల్ల పురుగులు, ఇంటికి వచ్చిన రోజున కొత్త చీర కట్టుకున్నాను. మూడో జ్వరం బాగా దాటింది. చివరి పురుగు దాకా ఆగి మొదటి ఆకు వేశాను. మా తోడికోడలు "అక్కా, ఈసారి నువ్వు నువ్వు మాదిరి లేవు" అంది. ఆ ఒక్క మాటకు నాలుగు రోజులు గాల్లో తేలాను.

ఈ మధ్య మా అత్తలో చిన్న చిన్న తేడాలు కనిపిస్తుండేవి. సాంబారులో ఉప్పు రెండుసార్లు పడేది. పొద్దున అడిగిన మాటే సాయంత్రం అడిగేది. పాలు కాచడానికి వెళ్లి, వంటింట్లో నిలబడి, ఎందుకొచ్చానే అని నన్నడిగేది. వయసు వచ్చింది కదా అని అందరం నవ్వి ఊరుకున్నాం, ఆమె కూడా నవ్వేది.

నాలుగో జ్వరం పట్టిన మరుసటి రోజు పొద్దున పడకల మీద తలలు కదలడం మొదలైంది. అబ్బ, అప్పుడు నా గుండె కొట్టుకున్న తీరు! పదింటిలో ఒకటి లేచి ఉంటుంది. షెడ్డు వాకిట్లో మోపులు మోపులుగా ఆకు ఉంది, తడి గోనెలు కప్పి. నేను రెండు చేతులూ చంకల్లో పెట్టుకొని పడకల మధ్య నడిచాను. ఆకలేస్తున్నది వాటికి, ఆత్రం నాది. ఆత్రం నా చేతిలో ఉంది. ఇది పుస్తకంలో లేదు, నేనే కనిపెట్టాను! పైకి గట్టిగా అనుకుంటూ నడుస్తుంటే మా మరిది కిటికీలోంచి చూసి, "వదినా, పురుగులకు కూడా పాఠం చెప్తా ఉండావా?" అన్నాడు. నేను నవ్వాను. కోప్పడలేదు. అది కూడా ఒక గెలుపే అని లెక్క వేసుకున్నాను.

లేచేటప్పుడు చల్లడానికి సున్నపు పొడి చూస్తే డబ్బాలో అడుగున పిడికెడు మిగిలింది. మా ఆయన, మరిది సాయంత్రం వేయాల్సిన ఆకు కోసం తోటకు బయలుదేరారు. మా తోడికోడలు మొరప్పూర్‌లో పుట్టింటికి వెళ్లింది, మధ్యాహ్నం బస్సుకు వస్తుంది. ధర్మపురికి నేనే వెళ్లాలి. సాయంత్రం దాకా ఎలాగూ ఆకు వేయాల్సిన పని లేదు. అత్తకు చెప్పాను. "సగం కూడా లేవలేదు అత్తా. ఎవరినీ లోపలికి రానీయొద్దు."

"నాకు చెప్తా ఉండావా? నీకు నేర్పిందెవరే?" అంది ఆమె గుమ్మంలో కూర్చొని. నేను నవ్వుకుంటూ బస్సెక్కాను.

ధర్మపురి బస్టాండులో దిగి, సున్నం మూట కొని, పరుగున తిరుగు బస్సు పట్టుకున్నాను. ఆ బస్సు కండక్టరుకీ నాకూ పాత లెక్కలున్నాయి. ఒకసారి ఆకు మోపు విషయంలో నేను ఆయన్ని కడిగిపారేస్తే బస్సులో వాళ్లంతా టికెట్లు తీసుకోవడం మరిచిపోయి విన్నారు. ఈసారి మూట దారిలో పెట్టానని ఆయన అందరి ముందూ తమిళంలో నన్ను ఎడాపెడా తిట్టాడు. నా చెవులు వేడెక్కాయి. నాలుక చివరి దాకా మాటలు వచ్చాయి, మంచి మాటలు, పదునైనవి! అయినా "సరి అన్నా" అని మూట ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన నా ముఖం చూసి, ఒంట్లో బాగుందా అని మెల్లగా అడిగాడు. చీర నిండా సున్నం పడింది. నాకు పట్టలేనంత సంతోషం. మా ఊరి దాకా కిటికీ పక్కన కూర్చొని నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. నేను మారిపోయాను! ఈ సంగతి అత్తకు ముందు చెప్పాలి, తర్వాత మా ఆయనకు, తర్వాత ఊరందరికీ అని వరస వేసుకున్నాను.

బస్సు దిగి, మూట నెత్తిన పెట్టుకొని, షెడ్డులోకి అడుగుపెట్టాను.

వాకిలి వైపు ఉన్న మొదటి రెండు పడకల మీద పచ్చగా ఆకు పరచి ఉంది.

నేను కలగన్నానేమో అనుకున్నాను. దగ్గరకు వెళ్లి చూశాను. కొమ్మలు వరసగా, ఒత్తుగా, ఎంతో అందంగా పేర్చి ఉన్నాయి. లేచిన పురుగులు కొమ్మల మీదికెక్కి కరకరమని మేస్తున్నాయి. వాటి కింద, ఆకు చీకట్లో, ఇంకా జ్వరంలో ఉన్న పురుగులు తలలెత్తుకొని కదలకుండా ఉన్నాయి. మూడో పడక దగ్గర మా అత్త చంకలో కొమ్మల మోపుతో నిలబడి ఉంది.

"అత్తా!" అన్నాను. "ఏం చేసినావు?"

"ఆకలికి తలలు తిప్పుతా ఉండాయే, పాపం. నువ్వేమో సంతకు పోయి కూర్చొంటివి" అంది తీరిగ్గా.

నా ఒళ్లు భగ్గుమంది. ఇంతవరకు ఎన్నో కోపాలు వచ్చాయి కానీ అలాంటిది రాలేదు. నా చోటు పోయింది. నా పంట పోయింది. ఆరు రోజులు, ఆరు రాత్రులు నా చేతులు నేను కట్టేసుకున్నది ఇందుకా? మూట కింద పడేశాను. అది పగిలి సున్నం అంతా లేచింది. నోరు తెరిచాను. ఏమనబోయానో నాకు తెలుసు. ముసలితనం వచ్చి మతి పోయిందా అనబోయాను. ఆ మాట పళ్ల దాకా వచ్చింది.

అప్పుడు పుస్తకం గుర్తొచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. ఒక్క పేజీ కూడా గుర్తు రాలేదు. గుర్తొచ్చింది పని ఒక్కటే. ఆకు మీదికెక్కిన పురుగులను కొమ్మలతో సహా ఎత్తి వేరే పడకలో పెడితే, కింద ఉన్నవి బతుకుతాయి. ఇప్పుడైతే వీలవుతుంది, గంట పోతే వీలు కాదు. నోరు మూసుకొని, గబగబా చేతులు కడుక్కొని మొదలుపెట్టాను. ఒక్కో కొమ్మా మెల్లగా పైకెత్తాలి, పురుగు జారకూడదు. మా అత్త చంకలో మోపు కింద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి బయటి తొట్టి దగ్గరికి వెళ్లింది.

సగం పడక ఖాళీ చేసే లోపు ఆమె తిరిగి వచ్చింది. గుమ్మంలో ఆగింది. పడకల మీద ఆకు చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

"ఎవరే ఆకు వేసింది?" అంది.

ఆమె హాస్యానికి అడుగుతున్నదేమో అని ముఖంలోకి చూశాను. హాస్యం కాదు. ఆ కళ్లలో నిజమైన కోపం ఉంది. ఆమె చేతులకు ఇంకా ఆకు పసరు అంటుకొని ఉంది.

"ఇంకా లేవలేదు కదే! సగం కూడా లేవలేదు! ఎవరు వేసింది?" గొంతు పెరిగింది. సరిగ్గా అప్పుడే తోట నుంచి మా ఆయన, మరిది ఆకు బండితో వచ్చారు. వాళ్ల వెనకే మొరప్పూర్ బస్సు దిగిన మా తోడికోడలు. ముగ్గురూ గుమ్మంలో నిలబడి పడకలు చూశారు, తర్వాత నా వైపు చూశారు. నా చేతిలో మల్బరీ కొమ్మ ఉంది.

"మళ్లా నువ్వేనా?" అన్నాడు మా ఆయన.

లేదు, మీ అమ్మే, అని నేనంటే చాలు. ఒక్క మాట. నా షెడ్డు నాకుంటుంది. కాదు, అంతకంటే ఎక్కువే ఉంటుంది. మారిపోయానని అందరూ ఒప్పుకుంటారు. కండక్టరు సంగతి కూడా చెప్పుకోవచ్చు. మా అత్త గుమ్మం పట్టుకొని నిలబడి, తన ఇంట్లో ఇంత అన్యాయం ఎవరు చేశారా అని ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది. ఆ చూపు నా దగ్గరికి వచ్చి ఆగింది. నువ్వే వేసినావు అత్తా అని ఆమె కొడుకుల ముందు, చిన్న కోడలి ముందు నేను చెబితే, ఆమె తన చేతుల వైపు చూసుకుంటుంది. పసరు కనిపిస్తుంది. తాను చేసింది తనకే తెలీదని అప్పుడు తెలుస్తుంది. ఈ ఊరిలో ఎంతమందికో పురుగుల పని నేర్పిన మనిషికి అది అలా తెలియకూడదు. నా చేతిలో ఉన్నది అదొక్కటే అనిపించింది.

"నేనే వేసినాను" అన్నాను.

అబద్ధం చెప్పడం మంచి గుణమేనా అని ఆ రోమ్ పెద్దమనుషులు నన్ను నిలదీస్తారు. వాళ్లు ఒప్పుకోరేమో కూడా. ఆ తర్వాత రోజు మా ఆయనను పక్కకు పిలిచి, అత్తకు మతిమరుపు ఎక్కువవుతున్నది, ధర్మపురిలో డాక్టరుకు చూపిద్దాం అని చెప్పాను. మెల్లగా తీసుకెళ్లి చూపించాం కూడా, మందులు నడుస్తున్నాయి. ఆకు సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

ఆ క్షణంలో మాత్రం ఆయన తల అడ్డంగా ఊపి, భుజం మీద తువ్వాలు తీసి విదిలించి, "ఇంక షెడ్డు చిన్న కోడలు చూసుకొంటాది" అని బండి దగ్గరికి వెళ్లిపోయాడు. మరిది ఈసారి వెటకారం ఆడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. మా తోడికోడలు చీర కొంగు దోపుకొని లోపలికి వచ్చి, "జరుగు అక్కా, ఆ పక్క నేను ఎత్తుతాను" అంది. ఆమె చెప్పినట్టే చేశాను. ఏ పడకలోవి ఏ పడకలో పెట్టాలో ఆమెనే అడిగాను. నాకు ఏడుపు వచ్చింది, నిజంగానే వచ్చింది. షెడ్డు పోయిందని ఏడుపు. అదే సమయంలో, ఇది ఎలా చెప్పాలో తెలీదు, గుండె లోపల పండగలా ఉంది! బస్సులో వచ్చిన సంతోషం నలుగురికీ చెప్పుకోవాలని తహతహలాడింది. దీనికి చెప్పుకోవాల్సిన అవసరమే లేదు. కొమ్మలు ఎత్తుతుంటే ఒక్క పురుగు కూడా జారలేదు.

మా అత్త ఊరుకోలేదు. నా వెనకే పడక పడకకూ తిరుగుతూ తిట్టింది. కొన్ని నెలలుగా ఆమె గొంతు అంత గట్టిగా వినలేదు నేను.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నీ కోసం వాళ్లకు మాట ఇస్తినే! చేయి నిలవదా నీకు? అంత కూడా ఓర్చుకోలేవా?"

"తప్పైపోయింది అత్తా."

"తప్పైపోయిందంట! ఏం నేర్పినాను నీకు? ఏమన్నా గుర్తు ఉండాదా?"

"మరిచిపోయినాను అత్తా" అన్నాను. "ఇంకొక్కసారి చెప్పు."

ఆమె నడుం మీద చేయి పెట్టుకొని, మొదటి జ్వరం దగ్గర మొదలుపెట్టింది. తల ఎలా ఎత్తుతాయి, తోలు ఏ రంగుకు తిరుగుతుంది, సున్నం ఎంత పలచగా చల్లాలి, గాలి ఎటు నుంచి రావాలి. రెండో జ్వరం, మూడో జ్వరం. చివరి పురుగు తల కదిపేదాకా ఎందుకు ఆగాలి, ఆగిన తర్వాత మొదటి ఆకు ఎంత లేతగా ఉండాలి. నాలుగో జ్వరం దాకా అంతా చెప్పింది, ఒక్కటి కూడా తప్పిపోకుండా.